అంగడి చిట్టా నుండి కంప్యూటరు కాపలాకు

రాత్రి అంగడి కట్టివేయుటకు ముందు వర్తకుడు చేయు పనులు కొన్ని కలవు. గల్లా పెట్టెలోని రొక్కమును లెక్కించును. చిట్టాలో వ్రాసిన అమ్మకములతో దానిని సరిచూచుకొనును. అప్పుగా పోయిన సరుకును ఆవర్జాలో ఎవరి ఖాతాకు వారికి ఎక్కించును. పది రూపాయలు తక్కువైనచో, అవి ఎక్కడ పోయినవో తేలువరకు ఆయనకు నిద్ర పట్టదు. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలోని ఆత్మకూరు బజారున గాని, కొండ క్రిందనున్న ఉదయగిరిలో గాని, ఈ అలవాటు లేని అంగడి ఎక్కువ కాలము నిలువదు.

ఈ అలవాటే మరియొక వృత్తికి పునాది కాగలదని చాలమందికి తోచదు. ఆ వృత్తి కంప్యూటర్లకు, వాటిలో నిలువచేసిన సమాచారమునకు కాపలా కాయుట. దీనిని సైబర్ భద్రత అందురు.

ఈ ప్రశ్న ఊరికే పుట్టినది కాదు. 2016లో యూపీఐ వచ్చిన తరువాత కిరాణా కొట్టులో సైతము చెల్లింపులు ఫోను ద్వారా జరుగుచున్నవి. అంగడి గోడకు అంటించిన క్యూఆర్ కాగితముపై మరియొకడు తన కాగితమును అంటించి పోవుట, చెల్లించినట్లు కనిపించు దొంగ తెరను చూపి సరుకు పట్టుకొని పోవుట వంటి మోసములు వర్తకులకు అనుభవములోనికి వచ్చినవి. ఉదయగిరిలో చెక్కతో చేయు గరిటెలు, చెంచాలు దూరదేశములవారు కూడ కొనునట్టివి. అటువంటి సరుకును ఫోనులో అమ్మువాని ఖాతాను దొంగ పట్టుకొన్నచో, అంగడిని మొత్తముగా పట్టుకొన్నట్లే. మరియొక వంక, పెద్ద కంపెనీలు సరుకును ఇంటి గుమ్మము వద్దకే చేర్చుచుండుటచే చిన్న అంగళ్ళకు బేరము తగ్గుచున్నది. నలుబది ఏండ్ల వయస్సున అంగడిని కట్టిపెట్టి కంప్యూటరు కాపలాకు పోవుట సాధ్యమా? పోయినచో, వెంట తీసికొనిపోదగినది ఏమైన ఉన్నదా?

దీనికి సమాధానము డెబ్బదియైదు సెంట్లలో దొరకును.

1986 ఆగస్టులో, అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమునందలి లారెన్సు బర్క్లీ ప్రయోగశాలలో కంప్యూటర్ల వాడకపు లెక్కలు కలియలేదు. ఆ రోజులలో కంప్యూటరును ఎవరు ఎన్ని సెకండ్లు వాడినారో వ్రాసి, ఆ మేరకు వారి ఖాతాలో డబ్బు పట్టెడివారు. రెండు లెక్కలకు 75 సెంట్లు, అనగా డాలరులో ముప్పాతిక వంతు, తేడా వచ్చినది. ఎవరో తొమ్మిది సెకండ్లపాటు కంప్యూటరును వాడి డబ్బు కట్టలేదు. ఈ తేడాను తేల్చు పని క్లిఫర్డ్ స్టోల్ అను వానికి అప్పగించిరి. ఆయన అసలు ఖగోళ శాస్త్రజ్ఞుడు. పరిశోధనకు ఇచ్చు డబ్బు అయిపోవుటచే, కొలువు పోకుండ ఉండుటకై కంప్యూటరు విభాగమునకు వచ్చినవాడు. వృత్తి మారినవాడన్నమాట.

ముప్పాతిక డాలరే గదా యని ఆయన విడిచిపెట్టలేదు. ప్రయోగశాలకు బయటినుండి వచ్చు తంతులకు ఎక్కడెక్కడినుండియో తెచ్చిన ప్రింటర్లను తగిలించి, చొరబడినవాడు కొట్టిన ప్రతి అక్షరమును కాగితముపైకి ఎక్కించెను. చొరబాటుదారు అమెరికా సైన్యపు కంప్యూటర్లను వెదకుచున్నాడని ఆ కాగితములవలన తెలిసినది. వానిని ఎక్కువసేపు నిలిపి ఉంచినగాని, వాడు వాడుచున్న టెలిఫోను దారిని కనుగొనుటకు వీలులేదు. అందుకై లేని రక్షణ పథకమునకు సంబంధించిన దొంగ దస్తావేజులను సృష్టించి ఎర వేసెను. తుదకు ఆ దారి పశ్చిమ జర్మనీలోని హానోవరు నగరమునకు పోయినది. చొరబడినవాడు మార్కస్ హెస్. తాను దొంగిలించిన సమాచారమును సోవియట్ గూఢచారి సంస్థయైన కేజీబీకి అమ్ముచుండెను. 1990లో జర్మనీ న్యాయస్థానము హెస్‌ను, అతని సహచరులను దోషులుగా తేల్చెను.

ఇందులో కంప్యూటరు పాండిత్యము లేకపోలేదు. కాని మొదటి మెట్టు మాత్రము చిట్టాకు, ఆవర్జాకు కుదరని తేడాను పట్టించుకొనుట. అది వర్తకుని విద్యయే.

నేటి కంప్యూటర్లు కూడ చిట్టా వ్రాయును. ఎవరు లోపలికి వచ్చినారు, ఏ నిమిషమున వచ్చినారు, ఏ ఫైలును తెరచినారు, ఎన్నిసార్లు పాస్‌వర్డును తప్పు కొట్టినారు అనునవి వరుసగా పడును. దీనిని ఆంగ్లపు మాటతో లాగ్ అందురు. చిట్టా యన్న మాట దానికి చక్కగా సరిపోవును. ఒక కార్యాలయపు చిట్టాలో రాత్రి రెండు గంటలకు ఒకే చిరునామానుండి పాస్‌వర్డు నాలుగువందలసార్లు తప్పినట్లు ఉన్నదనుకొందము. క్రొత్తవాడు ఆ నాలుగువందల పంక్తులను చూచి బెదరును. అనుభవము గలవాడు నాలుగువందల ఒకటవ పంక్తిని చూచును. అక్కడ పాస్‌వర్డు సరిపోయినట్లు ఉన్నచో దొంగ లోపలికి వచ్చినాడన్నమాట. తప్పిన ప్రయత్నములు వీధిలో పోవు కుక్కల అరుపు వంటివి. వాటితో నష్టము లేదు.

వర్తకునికి తెలిసిన మరియొక విద్య రహస్యలిపి. బట్టల అంగళ్ళలో కొన్నచోట్ల సరుకు అసలు ధరను చీటిపై అంకెలలో గాక అక్షరములలో వ్రాయుదురు. కొనువారికి అది అర్థము కాదు. గుమాస్తాకు ఎంతవరకు బేరము దిగవచ్చునో తెలియును. మచ్చునకు ‘ఉదయగిరి ఆత్మకూరులో’ అను పదములను తీసికొనవచ్చును. ఇందులో పది అక్షరములు కలవు, ఏదియు రెండుసార్లు రాదు. ఉ అనగా 1, ద అనగా 2, య 3, గి 4, రి 5, ఆ 6, త్మ 7, కూ 8, రు 9, లో అనగా 0. చీర అసలు ధర 240 రూపాయలైనచో చీటిపై ‘దగిలో’ అని ఉండును. 350 అయినచో ‘యరిలో’.

ఈ లిపిని ఛేదించుట కష్టము కాదు. ధరలు తరచుగా సున్నతో ముగియును. నాలుగు చీటీలు చూచిన తెలివిగల కొనుగోలుదారు చివర మాటిమాటికి ‘లో’ కనిపించుటను గమనించి, అది సున్న అని పట్టుకొనును. అక్కడినుండి మిగిలినవి ఒకటొకటిగా ఊడివచ్చును. ఒకే అంకెకు ఎల్లప్పుడు ఒకే అక్షరమును వాడుటయే ఇందలి లోపము.

ఈ లోపమునకు మందు చెప్పినవాడు కూడ వ్యాపారియే. కాలిఫోర్నియాలోని శాక్రమెంటో నగరపు బ్యాంకరు ఫ్రాంక్ మిల్లరు 1882లో టెలిగ్రాము రహస్యములను గూర్చి ఒక పుస్తకము ప్రకటించెను. ఆనాటి బ్యాంకులు డబ్బు చెల్లింపు ఉత్తరువులను టెలిగ్రాము ద్వారా పంపెడివి. తంతి గుమాస్తాలు వానిని చదువగలరు, మార్చగలరు కూడ. మిల్లరు చేసిన సూచన ఇది: మాటలను పుస్తకము ప్రకారము అంకెలుగా మార్చవలెను. ఇరువైపులవారి వద్ద మాత్రమే ఉన్న, క్రమము లేని సంఖ్యల పట్టీనుండి వరుసగా ఒక్కొక్క సంఖ్యను తీసి ఆ అంకెలకు కలుపవలెను. ఒకసారి వాడిన సంఖ్యను కొట్టివేసి మరల వాడరాదు.

దీనిని అంగడి చీటిపై ప్రయోగించి చూడవచ్చును. అసలు ధర 240. రహస్య పట్టీలోని మొదటి మూడంకెలు 7, 1, 9. రెండుకు ఏడు కలిపిన 9, నాలుగుకు ఒకటి కలిపిన 5, సున్నకు తొమ్మిది కలిపిన 9. చీటిపై 959 పడును. తరువాతి ధర 350. పట్టీలో తరువాతి అంకెలు 4, 8, 2. మూడుకు నాలుగు కలిపిన 7. అయిదుకు ఎనిమిది కలిపిన 13, అందులో పదిని విడిచిన 3. సున్నకు రెండు కలిపిన 2. చీటిపై 732. మొదటి చీటిలో సున్న తొమ్మిదిగా, రెండవదానిలో రెండుగా మారినది. చీటీలు వేయి చూచినను పట్టీ లేనివానికి ఏమియు తెలియదు. పట్టీ నిజముగా క్రమము లేనిదై, రహస్యముగా ఉండి, ఒకేసారి వాడబడినచో ఈ లిపిని ఎంతటి యంత్రమును ఛేదింపజాలదని తరువాతి కాలమున క్లాడ్ షానన్ గణితముతో నిరూపించెను. మిల్లరు పుస్తకము మాత్రము మరుగున పడిపోయినది. ఈ పద్ధతిని ఇరువదవ శతాబ్దిలో ఇతరులు మరల కనిపెట్టిరి. స్టీవెన్ బెల్లోవిన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు పాత గ్రంథములలో దానిని గుర్తించి 2011లో వెల్లడించువరకు, ఒక బ్యాంకరు ముందే దానిని చెప్పినాడని లోకమునకు తెలియదు.

ఇక కోటల సంగతి. ఉదయగిరి విద్యార్థులకు ఇంతకన్న మంచి ఉదాహరణ అక్కరలేదు, తల యెత్తి చూచిన చాలును. గజపతుల అధీనమున ఉన్న ఈ గిరిదుర్గమును శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి 1514లో పట్టుకొనెను. కొన్ని సంవత్సరముల తరువాత విజయనగరమునకు వచ్చిన న్యూనిజ్ అను పోర్చుగీసు గుఱ్ఱపు వర్తకుడు ఈ ముట్టడిని వర్ణించెను. కోటకు పోవుటకు ఒక్కటే దారి యట. అదియు ఒకరి వెనుక ఒకరుగా మాత్రమే నడువదగినంత ఇరుకైనదట. రాయలు బండలను పగులగొట్టించి క్రొత్త దారులు వేయించెను. ఇందుకు ఏడాదిన్నర పట్టినది.

భద్రతాశాస్త్రములో దీనినుండి తెలియునది ఏమనగా, పట్టుకొనరాని కోట లేదు. పట్టుకొనుటకు ఎంత కాలము, ఎంత శ్రమ పట్టుననునదియే కోట బలమునకు కొలత. పాస్‌వర్డుకు కూడ ఇదే కొలత. ఆంగ్లములోని 26 చిన్న అక్షరములతో ఎనిమిది అక్షరముల పాస్‌వర్డులు సుమారు 20,883 కోట్లు ఏర్పడును. దొంగ యంత్రము సెకండుకు 100 కోట్ల పాస్‌వర్డులను ప్రయత్నించుననుకొన్నచో, అన్నిటిని మూడున్నర నిమిషములలో ముగించును. పండ్రెండు అక్షరములైనచో దానికి మూడేండ్లు పట్టును. పదునారైనచో దాదాపు 13 లక్షల 80 వేల ఏండ్లు. నాలుగు అక్షరములు పెంచిన ప్రతిసారి శ్రమ సుమారు నాలుగు లక్షల యేబదియేడు వేల రెట్లు పెరుగుచున్నది. కాని ఈ లెక్క అక్షరములను క్రమము లేకుండ ఎన్నుకొన్నప్పుడే చెల్లును. కొడుకు పేరు, పుట్టిన సంవత్సరము కలిపి పెట్టుకొన్నవానికి ఈ లెక్కలేవియు అడ్డురావు. దొంగ మొదట ప్రయత్నించునవి అవియే.

మరి బ్యాంకు కార్డుకు నాలుగంకెల పిన్ మాత్రమే ఉన్నది గదా, పదివేల ప్రయత్నములలో దొరకదా యని విద్యార్థులు అడుగవచ్చును. దొరకును, కాని మూడుసార్లు తప్పగానే యంత్రము కార్డును నిలిపివేయును. ఇరుకు దారిలో ఒక్కొక్కని మాత్రమే పోనిచ్చుట అనగా ఇదే.

అయినను చాల కోటలు గోడ బ్రద్దలై పడలేదు. లోపలివాడు తలుపు తీయుటవలన పడినవి. వర్తకుల బ్యాంకుగా పేరుపొందిన హైదరాబాదు మహేశ్ సహకార బ్యాంకులో 2022 జనవరిలో పన్నెండు కోట్ల రూపాయలకు పైగా దొంగిలింపబడినవి. అంతకు ముందే ఉద్యోగులకు మోసపు ఈ-మెయిళ్ళు వచ్చినవనియు, వాటిని తెరచుటవలన దొంగ ప్రోగ్రాము లోపలికి ప్రవేశించినదనియు పోలీసు దర్యాప్తులో తేలినది. మరుసటి సంవత్సరము రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుపై 65 లక్షల రూపాయల జరిమానా విధించెను.

2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకుకు జరిగినది ఇంకను విచిత్రము. దొంగలు ఆ బ్యాంకు పేరిట న్యూయార్కు ఫెడరల్ రిజర్వు బ్యాంకుకు ఉత్తరువులు పంపి, దాదాపు 95 కోట్ల డాలర్లను కాజేయ జూచిరి. అందుకు వారాంతపు సెలవును ఎంచుకొనిరి. చెల్లింపులను అచ్చువేయు ప్రింటరు పనిచేయకుండ చేసిరి. అది మామూలు చెడుపే యని బ్యాంకువారు తలచిరి. 8 కోట్ల 10 లక్షల డాలర్లు ఫిలిప్పీన్సుకు పోయినవి. శ్రీలంకకు పంపిన రెండు కోట్ల డాలర్లు మాత్రము చిక్కినవి. దానికి కారణము, ఫౌండేషన్ అను మాటను దొంగలు ‘ఫాండేషన్’ అని వ్రాయుట. మధ్యనున్న ఒక బ్యాంకు అక్షరదోషమును చూచి సందేహించి ప్రశ్నించినది. హుండీ కాగితముపై చేవ్రాలు వంకరగా ఉన్నచో డబ్బు ఇవ్వక నిలిపివేసిన పాతకాలపు షావుకారు కూడ అంతే చేసియుండెడివాడు.

కనుక అంగడివాడు ఉత్తచేతులతో పోడు. ఒక పని మాత్రము ఆయనకు పట్టభద్రునికన్న బాగుగా తెలియును. అది కాపలా ఖర్చును నష్టముతో తూచుట. ఒక కార్యాలయపు లెక్కలు పోయినచో అయిదు లక్షల నష్టము. అటువంటిది పదేండ్లకు ఒకసారి జరుగవచ్చుననుకొన్నచో, ఏడాదికి ఏబదివేల నష్టమని అర్థము. దానిని కాపాడుటకు ఏడాదికి రెండు లక్షలు పెట్టుమన్నవాడు తెలివిగలవాడు కాడు. ఇరువదివేలతో ఆ ప్రమాదమును సగము తగ్గించగలిగినచో, మిగులునది ఇరువదియైదువేలు. అది లాభపు బేరము. అట్లే, గల్లా తాళము ఎవరికి, గోడౌను తాళము ఎవరికి ఇవ్వవలెనో ఆయనకు తెలియును. ప్రతివానికి వాని పనికి కావలసినంత అధికారమే ఇవ్వవలెనన్న సూత్రమును భద్రతా గ్రంథములు పెద్ద అధ్యాయములలో చెప్పుచున్నవి.

నేర్వవలసినవి లేకపోలేదు. కంప్యూటర్లు ఒకదానితో నొకటి ఎట్లు మాటలాడుకొనునో మొదట తెలియవలెను. ప్రతి యంత్రమునకు వీధిలో ఇంటి నెంబరు వంటి చిరునామా ఉండును. ఆ ఇంటికి 0 నుండి 65,535 వరకు నెంబర్లు గల ద్వారములు ఉండును. ఇవి మొత్తము 65,536, అనగా రెండు యొక్క పదునారవ ఘాతము. భద్రమైన వెబ్ పుటలు 443వ ద్వారమున వచ్చును; దూరమునుండి యంత్రమును నడుపుటకు 22వ ద్వారము వాడుక. ఏ ద్వారము అనవసరముగా తెరచియున్నదో చూచుట కాపలావాని దినచర్య. లినక్సు అను నిర్వహణ వ్యవస్థ, కొంచెము ప్రోగ్రాము రచన కూడ రావలెను. చట్టము తెలియవలెను. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము ప్రకారము అనుమతి లేక ఇతరుల కంప్యూటరులో మోసబుద్ధితో చొరబడినచో మూడేండ్ల జైలు, అయిదు లక్షల జరిమానా వరకు పడవచ్చును. నేర్చుకొనుటకే చేసినామని అనుట చెల్లదు. సరదాకు పక్కింటి వైఫైని తెరువ జూచు విద్యార్థులకు ఉపాధ్యాయులు ఈ మాట చెప్పుట మంచిది.

మరచిపోవలసినది కూడ ఒకటి ఉన్నది, అది నేర్చుకొనుటకన్న కష్టము. అంగడిలో దొంగతనము జరిగినచో పరువు పోవునని వర్తకుడు బయటికి చెప్పడు. ఇక్కడ అట్లు దాచుట తప్పు. భారత ప్రభుత్వపు సైబర్ అత్యవసర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశముల ప్రకారము, పేర్కొన్న రకపు దాడులను తెలిసికొన్న ఆరు గంటలలోగా సంస్థలు తెలియజేయవలెను. చిట్టాలను 180 దినములు భద్రపరచవలెను. డబ్బు పోయిన పౌరుడు 1930 నెంబరుకు ఎంత త్వరగా ఫోను చేసిన, దొంగ ఖాతాలో డబ్బు నిలిచిపోవుటకు అంత అవకాశము.

వృత్తిలో మెట్లు పెక్కు కలవు. రాత్రింబగళ్ళు చిట్టాలు చూచు పర్యవేక్షకుడు, అనుమతితో చొరబడి లోపములు చూపు పరీక్షకుడు, దొంగ పోయిన తరువాత జాడలు తీయువాడు, సంస్థ నియమములను పాటించుచున్నదో లేదో చూచు ఆడిటరు. లెక్కలు, సరుకు, మనుష్యులు తెలిసిన నడివయస్సు వర్తకునికి ఈ చివరి ద్వారము దగ్గర. పరీక్షకుని పని కథలలో వినుటకు సొంపుగా ఉండును గాని, దానికి చిన్ననాటినుండి యంత్రములతో ఆడినవారితో పోటీ పడవలెను.

కష్టమును దాచుట న్యాయము కాదు. నిన్నటివరకు యజమానియైనవాడు తనకన్న పదునైదేండ్లు చిన్నవాని క్రింద పని నేర్వవలసి వచ్చును. రాత్రి పాళీలు ఉండును. తొలి ఉద్యోగము హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, చెన్నైలోనో దొరకును గాని ఆత్మకూరులో దొరకుట అరుదు. రెండు నెలలలో నేర్పి ఉద్యోగము ఇప్పింతుమని చెప్పి వేలకు వేలు వసూలు చేయువారిని, మునుపు చూడని టోకు వర్తకుడు బయానా అడిగినప్పుడు చూచు కన్నుతోనే చూడవలెను. హైదరాబాదులోని సీ-డాక్ సంస్థ నడుపు శిక్షణలు, కేంద్ర ప్రభుత్వపు స్వయం వేదికలోని ఉచిత పాఠములు ఉండగా అప్పు చేసి ఆరంభింప నవసరము లేదు.

అంగడిని వెంటనే అమ్మివేయుట కూడ తొందరపాటే. మొదటి ప్రయోగశాల అదియే. అందులోని కంప్యూటరు, బిల్లు యంత్రము, కెమెరాలు, రూటరు, ఫోను ఒక కాగితముపై వ్రాసి, ఒక్కొక్కదాని పాస్‌వర్డు ఎవరికి తెలియునో ప్రక్కన వ్రాయవలెను. రూటరుతోను, కెమెరాలతోను వచ్చిన పాస్‌వర్డు మార్చనేలేదని చాల అంగళ్ళలో తేలును. లెక్కలకు మూడు ప్రతులు, రెండు వేరువేరు సాధనములపై, అందులో ఒకటి అంగడికి బయట ఉంచవలెను. 2017 మే 12న వానాక్రై అను దొంగ ప్రోగ్రాము ప్రపంచమంతట ఫైళ్ళకు తాళము వేసి డబ్బు అడిగినప్పుడు, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడ దాని వాత పడినవి. దానికి విరుగుడైన మరమ్మతును మైక్రోసాఫ్టు రెండు నెలల ముందే, మార్చిలో, విడుదల చేసియుండెను. ఆ తరువాత రూటరు చిట్టాను తెరచి, గల్లా లెక్కతోపాటు ప్రతి రాత్రి దానిని కూడ చదువవలెను. మొదటి వారము అందులో ఒక్క పంక్తియు అర్థము కాదు. మూడవ వారమునకు, అంగడి మూసిన తరువాత పలుకరించిన పరికరము ఏదో, అది కెమెరాయా మరియొకటియా యని ఆయనయే అడుగును.